దయచేసి నీళ్ళు పోయకండి

“కనీసం దీన్నైనా నిలబెట్టుకోవే తల్లీ” అంది అత్తగారు. కిటికీ గట్టు మీదున్న పూలకుండీని తీసుకొచ్చి, కోడలు ఒలుస్తున్న బీన్స్ పళ్ళెం పక్కన పెట్టింది.

ఆ మాటలో విషమేమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. అత్తగారు గొంతు పెంచే మనిషి కాదు, గయ్యాళి అంతకన్నా కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో కోడలికి తల దువ్వి జడ వేసింది, మంచం దగ్గరికే వేడినీళ్ళు తెచ్చిచ్చింది. కోపంగా అన్నవాళ్ళకైతే తిరిగి ఓ మాట అనొచ్చు, లేకపోతే తలుపేసుకుని ఏడవొచ్చు. తల నిమురుతూ అన్నవాళ్ళకి ఏం చెప్పాలి? ఆమె తల వంచుకుని “అలాగే అత్తయ్యా” అంది. ‘దీన్నైనా’ అన్నప్పటి ఆ చివరి ‘నైనా’ మాత్రం బీన్స్ ఈనెలాగా పళ్ళ సందున ఇరుక్కుని సాయంత్రం దాకా ఊడి రాలేదు.

అది ఆర్కిడ్. భర్త ఆఫీసువాళ్ళు పంపించారు. మూడోసారి కూడా బిడ్డ దక్కక, ఈసారి అయిదో నెల దాకా వచ్చి మరీ దక్కక, ఆమె సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఇంటికొచ్చిన రోజునే అదీ ఇంటికొచ్చింది. మెరుపు కాగితం, రిబ్బను, ‘త్వరగా కోలుకోవాలి’ అని అచ్చేసిన అట్టముక్క. వంగిన కాడకి వరసగా తెల్లటి పూలు, ఒక్కోదాని నడుమా లేత ఊదారంగు. పరామర్శకి వచ్చినవాళ్ళకి ఆ పూలు భలే అక్కరకొచ్చాయి. ఆమె మొహంలోకి ఎలా చూడాలో తెలియక అందరూ వాటికేసి చూసేవాళ్ళు. “ఎంత బావున్నాయో! ప్లాస్టిక్‌వేమో అనుకున్నా” అనేవాళ్ళు. భర్తకి పిన్ని వరసయ్యే ఒకావిడ ఓ పువ్వుని వేలితో తాకి చూసి, నిజమైనవేనని తేల్చి, ఆ ఊపులోనే “అయిదో నెలంటే కాళ్ళూ చేతులూ అన్నీ వచ్చేసి ఉంటాయి” అని నిట్టూర్చి, టీ తాగి వెళ్ళింది.

పూలు చాన్నాళ్ళే నిలిచాయి. ఆ తర్వాత రాలడం మొదలైంది. రాలినదాన్ని రాలినట్టు అత్తగారు ఏరి, అరచేతిలో పెట్టుకుని చూపించి, “ఇదీ పోయింది” అనేది. ఇక ఇంటిల్లిపాదీ దాన్ని కాపాడటానికి పూనుకున్నారు. మొక్కల గురించి ఆమె భర్తకి తెలిసిందల్లా నీళ్ళు పోయాలని. పొద్దున తాను తాగగా మిగిలిన గ్లాసుడు నీళ్ళు తీసుకెళ్ళి అందులో ఒంపేవాడు. మధ్యాహ్నం అత్తగారు ఓ చెంబుడు. పక్కింటావిడ కబుర్లకి వచ్చినప్పుడు, “పాపం ఎండిపోయినట్టుందే” అని ఇంకాస్త. అందరూ ప్రేమగానే. ఆకులు పచ్చదనం వదిలి పసుపెక్కి, ముసలివాళ్ళ చేతుల్లా ముడతలు పడ్డాయి. ముడతలు పడుతున్నాయని ఇంకా నీళ్ళు. కారిన నీళ్ళు గట్టు దిగి గచ్చు మీద మడుగు కట్టేవి. అవి తుడిచే పని మాత్రం ఎప్పుడూ ఆమెదే.

ఒకరోజు పెరటివైపు తీగ మీద తడిబట్టలు ఆరేస్తుంటే లోపల అత్తగారు కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. “నేనేమీ అనడం లేదే, పిల్ల మంచిదే పాపం. కానీ హస్తవాసి అంటూ ఒకటుంటుంది కదా. కొందరి చేతిలో ఏదీ నిలవదు. మొక్కయినా అంతే, ఇంకోటైనా అంతే.” ఆమె చేతిలో భర్త చొక్కా ఉంది. నీళ్ళు పిండటం మరిచిపోయి అలాగే పట్టుకుంటే, మోచేతి మీదుగా కారి జాకెట్టు చంకదాకా తడిసింది. లోపలికెళ్ళి ‘దానికి రోజుకి మూడుపూటలా నీళ్ళు పోస్తున్నది నేను కాదు అత్తయ్యా’ అనొచ్చు. అంటే ఏమవుతుంది? ‘అయ్యో, నిన్నెవరన్నారమ్మా’ అంటుంది ఆవిడ, నిజంగానే నొచ్చుకుని. సాయంత్రం భర్త, ‘అమ్మ మనసు కష్టపెట్టావటగా’ అంటాడు, అదీ మెల్లగానే. ఆ ఇంట్లో మాటలన్నీ దూదిలో చుట్టిన రాళ్ళు. తగిలినచోట దెబ్బ కనిపించదు.

అప్పుడనిపించింది ఆమెకి, ఈ మొక్క చావకూడదని. ప్రేమ కాదు, భయం. అది చస్తే తన మీద తీర్పు ఖాయమైపోతుంది.

అత్తగారు కూతురింటికీ, భర్త స్నేహితుల దగ్గరికీ వెళ్ళిన ఒక ఆదివారం కుండీని స్నానాలగదిలోకి తీసుకెళ్ళింది. అంతకుముందే ఫోన్లో వీడియోలు వెతికి చూసింది. వాటిలో ఒక బట్టతలాయన, భుజం మీద పిల్లిని కూర్చోబెట్టుకుని, నవ్వుతూ చెప్పాడు: ‘దాహంతో చచ్చే ఆర్కిడ్లు తక్కువ. మునిగి చచ్చేవే ఎక్కువ.’ కుండీ తిరగేసి తడితే మొక్క మొత్తం చేతిలోకి ఊడివచ్చింది, దాంతోపాటే కుళ్ళువాసన. వేర్లన్నీ గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే పైపొర జారిపోయి లోపలి దారం మాత్రం వేళ్ళ మధ్య మిగిలేది. కత్తెరని వేడినీళ్ళలో ముంచి ఒక్కొక్కటే కత్తిరించింది. మెత్తబడిందంతా తీసేయాలనీ, గట్టిగా ఉన్నదే ఉంచాలనీ ఆయన చెప్పాడు. తీస్తూ పోతే ఏం మిగులుతుందోనని భయమేసింది. ‘అంతా శుభ్రం చేసేశాం, ఇంకేం భయం లేదు’ అంది ఆసుపత్రిలో నర్సు, ఆవేళ ఆమె కళ్ళు తెరవగానే. శుభ్రం. ఇల్లు శుభ్రం, గిన్నెలు శుభ్రం, కడుపు శుభ్రం. అన్నిటికీ ఒకటే మాట. రక్తం ఆగక సీసాల మీద సీసాలు ఎక్కించారని తర్వాత తెలిసింది. అప్పుడామెకి తెలిసింది మాత్రం, దుప్పటి కింద కాళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో అంతే. ఆమె గచ్చు మీద కూర్చుని, కత్తెర పక్కన పెట్టి, కుళాయి తిప్పి చాలాసేపు ఏడ్చింది. కుళాయి ఎందుకు తిప్పిందో ఆమెకే తెలియదు. ఇంట్లో ఎవరూ లేరు కదా.

చివరికి మిగిలినవి రెండో మూడో గట్టి వేర్లు. నర్సరీ నుంచి తెచ్చుకున్న చెట్టుబెరడు ముక్కల్ని నానబెట్టి, చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ బుట్టలో వేసి, అందులో మొక్కని నిలబెట్టింది. అది నిలబడలేక పక్కకి వాలిపోతే పాత జడరిబ్బనుతో పుల్లకి కట్టింది. వాషింగ్ మెషీన్ పెట్టుకునే వెనక వరండాలో, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర పెట్టింది. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘దయచేసి నీళ్ళు పోయకండి’ అని రాసి బుట్టకి అంటించింది.

భర్త ఆ కాగితం చూసి పకపకా నవ్వాడు. “ఇదేమిటోయ్, ఆఫీసుల్లో ‘దయచేసి ఉమ్మివేయకండి’ అన్నట్టు? మనింట్లో మనకే బోర్డా?” మర్నాడు పొద్దున, నవ్వుతూనే, మిగిలిన గ్లాసు పట్టుకుని వరండాలోకి నడిచాడు. ఆమె పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి గ్లాసు లాక్కుంది. “పోయొద్దని రాశానా లేదా! చదవడం రాదా మీకు!” అని అరిచింది. సగం నీళ్ళు అతని చొక్కా మీద పడ్డాయి. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె అంత గట్టిగా అరవడం అదే మొదలు. అతను తెల్లబోయాడు. తర్వాత వాళ్ళమ్మ దగ్గర, “ఏం లేదులే, మొక్క మీద బెంగ పెట్టుకుంది. మంచిదేగా, మనసు మళ్ళుతుంది” అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి. అతనికి కోపం రాదు. కోపం వస్తే బావుండునని ఆమెకి ఎన్నోసార్లు అనిపించింది. దేన్నయినా ఢీకొట్టవచ్చు, పరుపుని తప్ప.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల కంపెనీలో. తయారైన అద్దాన్ని దీపం ముందు పట్టుకుని, గీత ఉందా, బుడగ ఉందా అని వాలుగా తిప్పి చూడాలి. చూసిందంటే చూసినట్టే. ఆమె వదిలేసిన అద్దం మీద ఫిర్యాదు వచ్చిన సందర్భం లేదు. సెలవు అయ్యాక తిరిగి వెళ్ళేసరికి దీపం ముందున్న ఆమె స్టూలు మీద వేరే అమ్మాయి కూర్చుని ఉంది. సూపర్‌వైజరు ఆమెని ప్యాకింగ్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, “ఇక్కడ మీకు ఒత్తిడి ఉండదమ్మా. మీ మంచికే” అన్నాడు. అద్దాల్ని కాగితం కవర్లలో దూర్చి, అట్టపెట్టెల్లో పేర్చడం. కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే పని. ఆమె ‘నేను బాగానే ఉన్నాను సార్’ అంది. ఆయన ‘అదే కదా’ అని వెళ్ళిపోయాడు. ఒకరోజు లెక్కల విభాగంలో ఎవరికో ఆడపిల్ల పుట్టిందని మిఠాయి పెట్టె బల్ల బల్లకీ తిరిగింది. ఆమె బల్ల దగ్గరికి వచ్చేసరికి పట్టుకున్న కుర్రది ఒక్క క్షణం తడబడి, పెట్టెని మరో చేతిలోకి మార్చుకుని, పక్క వరసలోకి మళ్ళింది. ఆమె కవర్లు సర్దుతున్నట్టు నటించింది. మిఠాయి కోసం కాదు. తనని చూస్తే మంచి జరిగినవాళ్ళు దారి మార్చుకుంటున్నారని ఆవేళే పూర్తిగా అర్థమైంది.

ప్యాకింగులో ఎదురు కుర్చీ మనిషిని అందరూ రేడియో అంటారు. నోరు మూయదు కాబట్టి. ఇద్దరు పిల్లల తల్లి, మొగుణ్ణి వదిలేసిందని కొందరూ, మొగుడే పోయాడని కొందరూ చెప్పుకుంటారు. అడిగితే ఆవిడ మాత్రం “స్టేషన్ మారిపోయింది” అంటుంది. ఆ మిఠాయి పెట్టె సంగతి చూసిందో ఏమో, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ ఉన్నట్టుండి అడిగింది.

“నిన్నోటి అడగనా? నీకు మళ్ళీ కావాలని ఉందా?”

“ఏంటక్కా?”

“పిల్లలే. నీకు. మీ ఆయనకి కాదు, మీ అత్తకి కాదు. నీకు కావాలని ఉందా అని.”

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.  పక్కింటావిడ అడిగింది, ‘మళ్ళీ ఎప్పుడు’ అని. అత్తగారు అడిగింది, ‘ఒంట్లో బలం వచ్చిందా’ అని. భర్త, ‘మనకేం వయసైపోలేదుగా’ అన్నాడు. అన్నీ ప్రశ్నలే, కానీ ఈ ప్రశ్న మాత్రం ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. తన నోటా రాలేదు. రేడియో కాసేపు చూసి, “సరేలే, తిను” అని తన పిల్లాడు బూటు పోగొట్టుకున్న కథలోకి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె అలవాటు కొద్దీ ఒక్కో అద్దాన్నీ కిటికీ వెలుతురుకేసి ఎత్తి చూస్తూ, కవర్లో దూర్చడం మరిచిపోతూ కూర్చుంది. లేదు అని ఉంది జవాబు. ఎప్పటినుంచో ఉంది. దుప్పటి కింద కాళ్ళు చల్లబడినప్పటి నుంచీ ఉంది. బయటికి చెప్పడం అటుంచి, ఆ జవాబుని తనలో తాను పూర్తిగా అనుకోవడానికే భయపడి ఇన్నాళ్ళూ పక్కకి నెడుతోంది. చెప్తే ఏమంటారో తెలుసు. ఎవరూ తిట్టరు. అందరూ ఓదారుస్తారు. అది తలుచుకుంటేనే ఒళ్ళు నీరసపడింది.

మొక్క మాత్రం చాన్నాళ్ళు ఏమీ చెప్పలేదు. చావలేదు, బతకలేదు. వారానికోసారి బుట్టని నీళ్ళ గిన్నెలో కాసేపు పెట్టి, నీళ్ళు కారిపోనిచ్చి, మళ్ళీ కిటికీ దగ్గర పెట్టేది. కింది ఆకు ఒకటి పూర్తిగా పండి ఊడిపోయింది. మిగిలిన రెండూ అలాగే వేలాడుతున్నాయి. పొద్దున వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేస్తూ ఓసారి, సాయంత్రం తీస్తూ ఓసారి వంగి చూసేది. ఎవరూ పట్టించుకోని ఆ మూల, మెషీన్ గడగడల మధ్య, ఆమెకి ఎవరితోనూ మాట్లాడక్కర్లేని చోటుగా మారింది. భయంతో మొదలైన పని ఎప్పుడు అలవాటయిందో, అలవాటు ఎప్పుడు ఇష్టమైందో ఆమె గమనించుకోలేదు.

ఒకరోజు పొద్దున ఆకు మొదట్లో, బొడిపెలాంటిది కనిపించింది. గోటితో గిల్లబోయి ఆగింది. మర్నాటికి అది కాస్త ముందుకి పొడుచుకొచ్చింది. పచ్చటి మొన. ఆకు కాదు, కొత్త వేరు!  ఆమె చేతులు తడిగా ఉన్న సంగతి మరిచిపోయి ఫోన్ తీసి ఫోటో పట్టింది. ఎవరికి పంపాలో తోచలేదు. నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, ఆపుకోలేక, “అత్తయ్యా, వేరు వేసింది! బతికింది!” అని చెప్పేసింది.

ఆ ఒక్క మాట ఎందుకన్నానా అని తర్వాత ఎంత అనుకుందో లెక్కలేదు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి వంగి చూసింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. కోడలి రెండు చేతులూ పట్టుకుని, “చూశావా, చూశావా! నీ చేయి తిరిగిందే తల్లీ. చచ్చిందనుకున్నదాన్ని లేపావు. ఇక మనకి అన్నీ మంచిరోజులే” అంది. సాయంత్రం భర్త రాగానే అతన్నీ లాక్కొచ్చి చూపించింది. అతను ఆ మొనని చూసి, పెళ్ళాం మొహం చూసి, ఎంతో ఆప్యాయంగా, “నేను డాక్టరుగారికి ఫోన్ చేస్తాను. వచ్చేవారం కలుద్దాం” అన్నాడు. ఆడపడుచు ఫోన్ చేసి, “వదినా, అమ్మ చెప్పింది! ఎంత సంతోషంగా ఉందో! ఈసారి తప్పకుండా నిలుస్తుంది చూడు” అంది. ఏది నిలుస్తుంది? ఇంకా ఏమీ లేదే. ఒక వేరు, గోరంత వేరు. అది వాడిపోతే చేతిలో ఏదీ నిలవదన్నారు, బతికితే చెయ్యి తిరిగిందంటున్నారు. అడకత్తెరలో పోకచెక్కకి ఎటు ఒత్తిగిలినా కత్తే.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన ముందురోజు, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు, ఆమె మగ్గు నిండా నీళ్ళు పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళింది. బుట్ట కింద లోతైన గిన్నె పెట్టి, అంచుదాకా పోసింది. కొత్త వేరు మునిగింది. ఇలాగే వదిలేస్తే కొన్నాళ్ళలో కుళ్ళుతుంది. ఎవరికీ అనుమానం రాదు. అప్పుడు ‘చెయ్యి మంచిది కాదు, ఇంకొన్నాళ్ళు ఆగుదాం’ అంటారేమో. ఆమె మెషీన్‌కి వీపు ఆనించి నిలబడింది. బెరడు ముక్కలు ఒకటొకటిగా పైకి తేలాయి. జడరిబ్బను తడిసి నల్లబడింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. నోరు తెరిచి ‘వద్దు’ అనే ధైర్యం లేక నోరులేని దాన్ని చంపుతున్నాను అనుకుంది. గబుక్కున బుట్టని పైకెత్తి, నీళ్ళన్నీ ఒంపేసి, పాత తువ్వాలుతో ఆకుల మధ్యన కూడా అద్ది తుడిచింది. 

మర్నాడు ఆసుపత్రిలో చాలాసేపు కూర్చున్నారు. చుట్టూ నిండుకడుపులతో ఆడవాళ్ళు, చేతిలో నీళ్ళసీసాలతో వాళ్ళ తల్లులూ అత్తలూ. భర్త ఆమె చేతి మీద చెయ్యి వేసి, “నేనున్నాగా” అన్నాడు. లోపలికి పిలిచాక డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అతనికేసి చూసి మాట్లాడటం మొదలుపెట్టింది.

“బాగా ఆలోచించుకునే వచ్చారన్నమాట. మంచిది. నేనైతే అప్పుడే చెప్పాను మీకు, మళ్ళీ అలా రక్తం పోతే గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, ఒక్కోసారి మనిషే దక్కకపోవచ్చు అని. రిస్కు ఎక్కువే. అయినా ఇద్దరూ సరే అనుకున్నాక, మా జాగ్రత్తలో మేముంటాం. మొదటినుంచీ ఇంజెక్షన్లు, కదలకుండా విశ్రాంతి...”

ఆమె భర్తకేసి తిరిగింది. అతను డాక్టరు బల్ల మీదున్న కలాల డబ్బాకేసి చూస్తున్నాడు.

“ఎప్పుడు చెప్పారు?” అంది ఆమె. 

“అదే... మిమ్మల్ని ఇంటికి పంపించేప్పుడు” అంది డాక్టరమ్మ. మొదటిసారి ఆమె మొహంలోకి చూసి ఆగింది. “సారు మీకు చెప్పలేదా?”

“చెప్దామనే అనుకున్నా” అన్నాడు అతను. “అప్పటికే తను చాలా... సరే, ముందు పరీక్ష చేయండి డాక్టర్, తర్వాత మాట్లాడుకుందాం.”

నర్సు పక్కగది తెర తీసి, “రండమ్మా, పడుకోండి” అంది. ఆమె లేవలేదు. “రండి” అంది నర్సు మళ్ళీ. “లే” అన్నాడు భర్త, మోచేతి కింద చెయ్యి వేసి, ఎప్పటిలాగే మెత్తగా. ఆమె కుర్చీ చేతుల్ని పట్టుకుంది.  చెప్పాల్సినవన్నీ ఒకేసారి మీదపడి ఒక్కటీ నోటిదాకా రాలేదు. తెలిసిందల్లా, ఆ కుర్చీలోంచి లేచిందంటే ఇక తనకంటూ మిగిలేది లేదని. “సారీ డాక్టర్, కాస్త కంగారు పడుతోంది” అన్నాడు అతను. నర్సు నవ్వింది. ఆమె పట్టు వదల్లేదు. చివరికి డాక్టరమ్మే కళ్ళజోడు దించుకుని, “ఇవాళ వద్దులెండి. ఇంటికి తీసుకెళ్ళండి” అంది. తీసుకెళ్ళండి అని. ఆమె ఏదో వస్తువైనట్టు. అయినా ఆమె లేచి, తనంతట తానే నడిచి బయటికొచ్చింది.

దారిలో కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, “నువ్వు భయపడతావని చెప్పలేదు” అన్నాడు.

“భయపడాల్సింది నేనే కదా” అంది ఆమె.

 ఆకుపచ్చ దీపం వెలిగింది. వెనకాల కారువాడు హారన్ మోగించాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు సోఫాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. మొహంలో వెయ్యి ఆశలు. ఆమె చెప్పులైనా విప్పకుండా అడిగింది: “మీకు తెలుసా అత్తయ్యా? మళ్ళీ అయితే నా ప్రాణానికే ముప్పని?”

ఆవిడ కొడుకుకేసి చూసింది. అతను తల దించుకున్నాడు. “డాక్టర్లన్నాక ఏదో ఒకటి బెదిరిస్తూనే ఉంటారమ్మా” అంది ఆవిడ. “వీడు పుట్టేప్పుడు నన్నూ బెదిరించారు. పోయానా నేను? నీకు చెప్పొద్దంది మీ ఆడపడుచే. ఊరికే బెంగ పెట్టుకుంటావని.” ఆ మాటలంటూ, మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. 

అంటే ఆడపడుచుకీ తెలుసు. ఇంటిల్లిపాదికీ తెలుసు. వాళ్ళు తన ఎదుట నవ్వుతూ, తల నిమురుతూ, గ్లాసులతో చెంబులతో ప్రేమ పోస్తూ, ఆ మాటని మాత్రం తనకి తెలియకుండా తమలో తామే దాచుకుని తిరిగారు. ‘ఈసారి తప్పకుండా నిలుస్తుంది’ అన్నప్పుడు, ఏది నిలవకపోయినా ఫరవాలేదని లెక్క వేసుకున్నారు? ఆమె గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. పుట్టింటికి వెళ్ళిపోవాలా అనుకుంది. అక్కడ అన్నావదినల రెండు గదుల ఇంట్లో, నాలుగురోజులయ్యాక, ‘అంత మంచి అత్తగారు, చెయ్యెత్తని మొగుడు, ఏం కష్టమొచ్చిందే’ అంటారు. వాళ్ళకి చూపించడానికి ఆమె ఒంటి మీద ఒక్క గాయమైనా లేదు.

ఆ తర్వాత ఇల్లు ఎప్పటిలాగే నడిచింది. అన్నిటికంటే అదే ఆమె భరించలేకపోయింది. వంట, బట్టలు, బస్సు, ప్యాకింగు బల్ల. అత్తగారు మూతి ముడుచుకుని తిరిగింది. భర్త ఆమెని మంచి చేసుకోవాలని వరండాలోకి వెళ్ళి బుట్టలో నీళ్ళు పోశాడు. “ఇవాళ నీ మొక్కకి నేనే పోశాను, నువ్వు అలసిపోయావని” అని చెప్పాడు కూడా, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ. కాగితం ఎప్పుడో తడిసి, అక్షరాలు అలుక్కుపోయి ఉంది. ఆమె నీళ్ళు ఒంపేసి, మర్నాడు పొద్దున బుట్టని సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

“ఇదేంటి, చంకలో బిడ్డలా” అని నోరు జారి, నాలుక కరుచుకుంది రేడియో. ఆమెకి అనుకోకుండా నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది. ఇద్దరూ కలిసి ప్యాకింగ్ గది కిటికీలో అట్టపెట్టె బోర్లించి దాని మీద పెట్టారు. అక్కడ వెలుతురు మెత్తగా ఉంది. కొత్త వేరు బెరడు ముక్కల మీదుగా పాకి, అంచు దాటి గాలిలోకి చూస్తోంది. దాని పక్కన మరో మొన. పూస్తుందో లేదో తెలియదు, పుయ్యకపోయినా ఏం కాదు. అది ఎవరికీ ఏ కబురూ తెచ్చిన మొక్క కాదు.

భోజనాల గంట కొట్టాక ఆమె ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆసుపత్రి నంబరు కలిపింది. అటువైపు ఓ అమ్మాయి గొంతు, వెనకాల ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. తన పేరు చెప్పి, డాక్టరుగారితో ఒక్కదాన్నే మాట్లాడాలి అంది ఆమె. దేని గురించని అడిగితే, ఇక కడుపు రాకుండా ఏం చేయించుకోవచ్చో తెలుసుకోవాలి అంది. ఒక్కసారి కూడా తడబడకుండా అనేసినందుకు తనే ఆశ్చర్యపోయింది. 

“మీవారు కూడా వస్తే బావుంటుందండీ” అంది ఆ అమ్మాయి. “డాక్టరుగారు అడుగుతారు.”

“అడిగితే నేను చెప్పుకుంటాను.”

“సరేనండీ. గురువారం పెడతాను. వివరాలన్నీ ఎప్పటిలాగే సారు ఫోన్‌కి మెసేజ్‌లో వస్తాయి.”

మెట్ల కింద ఎవరో భోజనం డబ్బాలు కడుగుతున్నారు. ఆమె గోడకి ఆనుకుంది. ఈ సంగతి ఇంట్లో తెలిసిన రోజున ఏం జరుగుతుందో, తను ఎక్కడుంటుందో, గురువారానికి ఈ ధైర్యం మిగులుతుందో లేదో, ఏదీ తెలియదు.

“వద్దండీ” అంది. “ఆ నంబరు కొట్టేయండి. నాది రాసుకోండి.”

ఒక్కో అంకె విడివిడిగా, తప్పు పడకుండా, రెండుసార్లు చెప్పింది.